మెత్తంత మిఠాయి

ఆ డబ్బా మీది చిన్న అక్షరాలను నేను చదవకముందే అందులో ఏముందో సాయమ్మకు తెలుసా? పదహారేళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఒకసారి తెలిసే ఉంటుందనిపిస్తుంది. ఆనాటి ఆమె ముఖం గుర్తుకొస్తే, లేదు, తెలియదనిపిస్తుంది. అన్నేళ్లు ఎదురెదురుగా ఉన్నాం, ఏదో ఒక పూట అడిగి ఉండవచ్చు. అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె ఎక్కడుందో నాకు తెలియదు. నిరుడు ఈస్టర్ తరువాత నేను ఆమెను చూడలేదు.

పెద్దవంగరలో మా ఇంటికి ఎదురుగా చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉండేది. సాయమ్మ అక్కడ వంటమనిషి. సొంతూరు రఘునాథపల్లి దగ్గరి పల్లె. పెళ్లయిన మూడో ఏడు భర్త బావి పూడిక తీస్తుండగా ఒడ్డు విరిగి మీద పడింది. పిల్లలు లేరు. అక్కడి పాస్టరుగారు రాసిచ్చిన ఉత్తరం కొంగున ముడేసుకుని ఇరవై మూడేళ్ల వయసులో ఇక్కడికొచ్చింది. ఆ ఉత్తరంలో ఏముందో ఆమెకు తెలియదు. చదువు రాదు. గేటు దగ్గర నన్ను ఆపి, “సారూ, గిండ్ల నా గురించి మంచిగనే రాసిండ్రా?” అని అడిగింది. అదీ మా పరిచయం. నేను ఆ ఊరి బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. హాస్టల్ పిల్లలు మా బడికే వచ్చేవారు.

తిట్టకుండా మాట్లాడటం సాయమ్మకు చేతకాదు. “తిను మొద్దుమొకందానా” అంటూనే పప్పులో ఇంకో గరిటె వేసేది. అరవై మందిలో ఎవరు అన్నం వదిలేశారో కంచాలు కడిగే చప్పుడును బట్టి చెప్పేది. పిల్లలు ఆమెను ఆయమ్మా అని పిలిచేవారు. సెలవుల్లో వాళ్లందరూ ఇళ్లకు పోతే ఆమె వసారాలో ఒక్కతే కూర్చుని, ఒక మనిషికి ఎంత బియ్యం పొయ్యాలో తెలియక రోజూ ఎక్కువే వండి, మిగిలింది మా ఇంటికి పంపేది.

ఈస్టర్‌కు ఆ హాస్టల్లో ఒక మిఠాయి చేసేవారు. ఏటా చలికాలంలో వచ్చే ఒక ముసలి దొరసానమ్మ దాన్ని సాయమ్మకు నేర్పింది. అందులో వేసే పొడి డబ్బాలు కూడా ఆమే తన దేశం నుంచి తెచ్చేది. తెల్లగా, దూదిలా, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేచేది. మా దిక్కున దిండును మెత్త అంటారు. పిల్లలు దానికి మెత్త మిఠాయి అని పేరు పెట్టారు. దొరసానమ్మ ఇచ్చిన కరెంటు మిషను రెండో ఏడే కాలిపోయింది. అప్పటినుంచి సాయమ్మ వంటింటి గుంజకు కవ్వం కట్టి, మజ్జిగ చిలికినట్టే తాడుతో చిలికేది. చక్కెర పాకం తీగ సాగగానే నానబెట్టిన పొడిలో పోసి, ఒక కొస తను, ఒక కొస పెద్దపిల్ల ఎవరైనా పట్టుకుని, అర్ధగంట ఆపకుండా గుంజేవారు. వేయించిన బియ్యప్పిండి చల్లిన తాంబాళాల్లో పోసి, ఆరాక తడి దారంతో కోసేది. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన అయి రాగానే పిల్లకో ముక్క. ఏప్రిల్ ఎండ ముదిరేలోపు తినెయ్యాలి. లేకపోతే కారిపోయేది.

చాందీ అక్కడ ఆరో తరగతిలో చేరింది. దగ్గరి తండాలో ధర్మా అనే రైతు కూతురు. వాళ్ల తండా నుంచి హాస్టల్‌కొచ్చిన మొదటి పిల్ల. తెలుగులో కొంచెం తడబడేది, లెక్కల్లో కాదు. నోరు మాత్రం సాయమ్మకు సరిజోడు.

“గింతేనా ఆయమ్మా? పంటి సందుల్నే పాయె.”

“నీది కడుపా, గంపా? లైన్ల నుంచి జరుగు.”

“నేను నౌకరి చేసినంక చక్కెర బస్తా తెచ్చిస్త. నాకు తలకింద పెట్టుకునే మెత్తంత చెయ్యాలె.”

“మొదలు ఎనిమిది పాసుగా. మెత్త సంగతి తర్వాత సూద్దం.”

ఆ పిల్ల ఎనిమిదిలో ఉన్నప్పటి ఈస్టర్ మరునాడు ధర్మా జొన్నరొట్టెలు మూటగట్టుకుని కూతుర్ని చూడటానికి వచ్చాడు. చాందీ తన ముక్కను తినకుండా నోటుబుక్కు కాగితంలో దాచిపెట్టింది. తండ్రికిచ్చింది. అతను సగం కొరికి, కళ్లు పెద్దవి చేసి, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు.

“అక్కా, గిదేందే, నోట్లె పెడితె దూదోలె కరుగుతున్నది! గీ పొడి ఏడ దొరుకుతది? మా తండాల పొల్లగాండ్లకు చేయించాలె.”

సాయమ్మ పొంగిపోయింది. అల్మారాలోంచి డబ్బా తెచ్చింది. పరీక్షల సంగతేదో చెప్పడానికి నేను అప్పుడే అక్కడికి వెళ్లాను. డబ్బా నా చేతిలో పెట్టి, “సారూ, దీని మీద ఊరి పేరుంటది గద, జర సదివి చెప్పు” అంది.

ఊరి పేరు చదివాను. ఏదో విదేశీ ఊరు. అక్కడ ఆగాల్సింది. చేతికొచ్చిన కాగితాన్ని చివరి అక్షరం దాకా చదవకుండా వదలడం నాకు అలవాటు లేదు. అడుగున చీమలబారులాంటి వరుస ఒకటుంది. దాన్నీ చదివాను. చదివి ఊరుకోలేదు. పాఠం చెప్పినట్టు అర్థం కూడా చెప్పాను. ఆవుల ఎముకలను ఉడికించి తీసిన పొడి అది.

ధర్మా చేతిలో మిగతా సగం ముక్క ఉంది. దాన్ని పారెయ్యలేదు. గుమ్మం పక్క గట్టు మీద మెల్లగా పెట్టాడు. నల్లా దగ్గరికెళ్లి మూడుసార్లు పుక్కిలించాడు. తిరిగొచ్చి సాయమ్మనే అడిగాడు.

“నా బిడ్డ ఎన్నేండ్ల సంది తింటున్నదక్కా?”

“మూడు పండుగలాయె” అంది సాయమ్మ. అబద్ధం చెప్పొచ్చని కూడా ఆమెకు తోచలేదేమో. ఆ ఎముకల మీది మాంసం ఆమె పుట్టింట పండుగనాటి కూర. దానివల్ల ఒక మనిషి నోరు కడుక్కోవడం ఆమె అంత దగ్గరగా ఎన్నడూ చూసి ఉండదు.

మరునాడు పొద్దున ధర్మా కూతురి రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. వెనక చాందీ. చాందీని మళ్లీ బడికి పంపమని అడగడానికి నేను రెండుసార్లు తండాకు వెళ్లాను. రెండోసారి అతను నన్ను మంచంలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, అడిగాడు.

“సారూ, మీరు సదివింది తప్పా?”

“కాదు.”

“మరింకేంది? గీ ముచ్చట బయటపడితె నా బిడ్డను ఎవరు చేస్కుంటరు? నేను తిన్నది నాతోని పోతది. ఆడివిల్ల సంగతి గట్ల గాదు గద. ఎవ్వలకు చెప్పకుండ్రి, గంతే చాలు.”

కోపం లేదు అతనిలో. భయం ఉంది. మాట పాకని దూరానికి పంపాలని, పదహారు నిండగానే చాందీని కాటారం అవతలి తండాకు ఇచ్చి చేశాడని తరువాత విన్నాను.

సాయమ్మ ఆ డబ్బాలన్నీ పెంటకుప్ప వెనక గుంత తీసి పూడ్చింది. పై ఏడు పిల్లలు అడిగితే, “పొడి రాలే. దొరసానమ్మకు పానం మంచిగ లేదట” అంది. ఆ మిఠాయి అక్కడితో ఆగిపోయింది. ఇంకొకటి మొదలైంది. కొత్తగా ఏ సరుకొచ్చినా పట్టుకుని రోడ్డు దాటి మా ఇంటికొచ్చేది. ఉప్పు పొట్లం, నూనె పాకెట్టు, సబ్బు బిళ్ల. “సారూ, గిది దేంది? కింద సన్నక్షరాలు గూడ సదువు.” విసుక్కున్న రోజులున్నాయి. ఉప్పులో ఉప్పు కాక ఇంకేముంటుందని ఒకసారి కసిరాను. ఆమె పొట్లం తీసుకుని తలొంచుకుని వెళ్లింది. సాయంత్రం మళ్లీ అదే పొట్లంతో వచ్చింది.

చాందీ పేరు మాత్రం మేమిద్దరం ఎత్తేవాళ్లం కాదు.

తరువాత విదేశాల నుంచి వచ్చే సాయం ఆగింది. పిల్లలు తగ్గారు. హాస్టల్ మూతపడ్డాక సాయమ్మ కాపలా మనిషిగా ఆ వంటింట్లోనే ఉండిపోయింది. నిరుడు ఎండాకాలం పోగానే భవనం కూలగొడతారని, ఆలోగా ఖాళీ చెయ్యాలని మాఘమాసంలో కబురొచ్చింది. అదే వారం అంగడిలో ఆమెకు ధర్మా కనపడ్డాడు. చేతిలో కూరగాయల సంచి అట్లాగే పెట్టుకుని మా వసారాలోకొచ్చి కూలబడింది.

“ముసలోడయిండు సారూ. నన్ను చూసి మొకం తిప్పుకుంటడనుకున్న. ‘అక్కా, మంచిగున్నవా’ అన్నడు. తిట్టినా మంచిగుండు. చాందీ మిర్చి కూలికి పోతున్నదట. ఒక్క బిడ్డనట.”

సంచి పక్కన పెట్టి, “మెత్తంతది చేస్త” అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

“గా బొక్కల పొడి లేకుంట చేస్త. తీస్కపోయి నా చేతితోని ఒక్క ముద్ద పెడ్త. తింటె చాలు. గీ వంటింట్ల నా వంట అయిపోయినట్టే. తినకుంటే...”

తొర్రూరులో మిఠాయి దుకాణాయన చైనా గడ్డి సంగతి చెప్పాడు. ఫాలూదాలో వేస్తారు. ఎండుగడ్డి పోచల్లా ఉంటుంది, ఉడికిస్తే కరిగి గడ్డకడుతుంది. సాయమ్మ నాలుగు పాకెట్లు అడిగేసరికి ఆయన నవ్వాడు.

“ఏందవ్వా, ఈ వయసుల ఫాలూదా బండి పెడుతున్నవా?”

“పెండ్లి చేస్కుంటున్న. నీకు పిలుపు లేదు.”

ఇంటికొచ్చి ఆ పాకెట్టు నాతో మూడుసార్లు చదివించింది. “సముద్రపు నాచు. ఇంకేం లేదు” అన్నాను.

“ఒట్టెయ్.”

అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక పాకెట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

మొదటిసారి చేసింది కత్తి పెడితే పెళ్లలు పెళ్లలుగా విరిగింది. రెండోది నీళ్లు కారింది. కోడిగుడ్ల తెల్లసొన చిలికి, అందులో గడ్డి కరిగించిన ఈ పాకం పొయ్యాలని ఎవరు చెప్పారో, ఆమెకే తోచిందో. ఆ నెలంతా మా వీధిలో అందరి ఇళ్లలో మిగిలిన పచ్చసొనతో వేసిన అట్లే. చివరికి ఒక చిన్న గిన్నెలో పోసింది వేలితో నొక్కితే మెల్లగా పైకి లేచింది. ఆమె ముఖంలో సంతోషమేమీ కనపడలేదు. గిన్నె కడిగి బోర్లించింది.

ఈస్టర్ ముందటి శనివారం మధ్యాహ్నం గంగాళంలో ముప్పై గుడ్ల తెల్లసొన. గుంజకు కవ్వం. రెండో కొస పట్టుకోవడానికి ఇప్పుడు ఆ ఇంట్లో పెద్దపిల్లలెవరూ లేరు. నేను పట్టుకున్నాను.

“పుస్తకం తిప్పుతున్నవా ఏంది సారూ? గుంజు!”

“గుంజుతూనే ఉన్నా గదమ్మా.”

“గట్ల గుంజితె వచ్చే ఈస్టర్‌కైతది.”

భుజాలు పడిపోయేదాకా చిలికాం. నురుగు గంగాళం అంచుకొచ్చింది. ఆమె పాకాన్ని సన్నటి ధారగా పోస్తూ ఉంటే నేనొక్కణ్ణే రెండు కొసలూ గుంజాను. పిల్లలెవరో వదిలేసి వెళ్లిన రేకుపెట్టె మూత ఒకటుంది. దాన్ని తోమి, పాత చీర ముక్క పరిచి, బియ్యప్పిండి చల్లి, అందులో పోశాం. సాయంత్రానికి బిగుసుకుంది. తెల్లటి మెత్త. ఏడెనిమిది కిలోలుంటుంది.

ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన. కొత్త సున్నం వేసిన సమాధుల మధ్య అందరూ పాడుతుంటే సాయమ్మ పెదవులు కదపలేదు. అటునుంచి అటే బస్సెక్కాం. వరంగల్ దాకా ఒకటి, అక్కడినుంచి భూపాలపల్లి మీదుగా ఇంకొకటి. చీరముక్కలో చుట్టిన మూట ఆమె ఒళ్లోనే ఉంది. కండక్టర్ టికెట్లు కొడుతూ ఆగాడు.

“అవ్వా, మెత్త గూడ తెచ్చుకున్నవా? ఇంటిని మర్సిపోయి బస్సులనే పండుకుంటవా ఏంది?”

“నీ పెండ్లాం మెత్త ఇయ్యకుంటె చెప్పు కొడుకా, నీకే ఇస్త.”

బస్సంతా నవ్వింది. సాయమ్మ మూటను ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఎండ పెరిగేకొద్దీ మూటలోకి వేళ్లు దోపి చూసుకుంటూ ఉంది. పైన చెమటలా తడి పట్టింది. కారలేదు.

కాటారం దాటాక దిగాం. తండా రోడ్డుకు ఆనుకునే ఉంది. పది, పదకొండేళ్ల పిల్ల ఎదురొచ్చింది. చాందీ ఇల్లు అడిగితే, “మా అమ్మనే” అని మమ్మల్ని తీసుకెళ్లి మంచం వాల్చి, పరుగెత్తుకెళ్లి తల్లిని పిలుచుకొచ్చింది. ఆ పిల్ల పేరు సౌందర్య. తండ్రి రాజేందర్ వరికోత మిషను వెంట ఎటో వెళ్లాడట.

చాందీ మిర్చి కల్లం నుంచి వచ్చింది. తాలుకాయలు ఏరుతోందట. ముఖానికి తువ్వాల చుట్టుకుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తువ్వాల విప్పకముందే ఆగిపోయింది.

“ఆయమ్మా?”

“నేనేనే, మొద్దుమొకందానా” అంది సాయమ్మ.

“సారు గూడ! ఏందిట్ల వచ్చిండ్రు? మా నాయిన మంచిగనే ఉన్నడు గద?” భయంతో అడిగింది. మంచిగానే ఉన్నాడన్నాక ఊపిరి పీల్చుకుంది. చేతులు రెండుమూడుసార్లు కడుక్కుంది. అయినా మంట తగ్గక వేళ్లు విదిలిస్తూ వచ్చి నేలమీద కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. నలభై అంటే నమ్ముతాం.

సాయమ్మ మూట విప్పింది.

“అమ్మా, మెత్త!” సౌందర్య చెయ్యి పెట్టబోయింది. చాందీ వాళ్ల భాషలో ఏదో అంది. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

“దీంట్ల ఏమేసినవ్ ఆయమ్మా?”

సాయమ్మ వేళ్లు ముడుస్తూ చెప్పింది. “చక్కెర. గుడ్ల తెల్లసొన. సముద్రంల పెరిగే నాచు. పైన బియ్యప్పిండి. గంతే బిడ్డా. సారు సదివిండు. ఒట్టేసిండు, అడుగు.”

చాందీ నవ్వింది. “అప్పుడు గూడ అడిగిన, యాదున్నదా? ఆరో తరగతిల. మొదటిసారి తినేముందుగాల్నే అడిగిన. చక్కెర, పాలు అన్నవ్.”

సాయమ్మ వేళ్లు ముడిచినవి ముడిచినట్టే ఉండిపోయాయి. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె అలికిన నేలను చూస్తోంది.

“తప్పయింది బిడ్డా” అంది.

“నీదేం తప్పు ఆయమ్మా? నాది తప్పు. మస్తు మంచిగుండెనని నాయినకు దాచిపెట్టిన. నా ముక్క నేను నోట్లె ఏస్కుంటె అయిపోవు. గప్పటిసంది గదే అనుకుంట. దాచకపోతె పది పాసైతుంటి.”

ఎవరి పొలంలోనో వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. పదిహేనేళ్లుగా రోజూ అనుకున్న మాటకు ఇంకేం మిగులుతుంది? తండ్రికో ముక్క దాచిన పదమూడేళ్ల పిల్ల అప్పటినుంచీ తనే దోషినని బతుకుతోంది. దొరసానమ్మ కాదు, సాయమ్మ కాదు, చదివిన నేనూ కాదు.

“నువ్వు పసిదానివి, నీదేందే...” అని మొదలుపెట్టింది సాయమ్మ.

“పెట్టు మరి. గంత దూరం మోసుకొస్తివి.”

సాయమ్మ సంచిలోంచి దారం తీసింది. చెంబులో తడిపి, మూలన ఒక ముక్క కోసింది. రెండు వేళ్లతో పట్టుకుని చాందీ నోటి దాకా తెచ్చింది. పెట్టకుండా ఆమె ముఖం వైపే చూసింది.

చాందీకి నవ్వొచ్చింది. “పెట్టు ఆయమ్మా, భయమేంది? ఇప్పుడు నన్ను బడి నుంచి ఎవరు తీస్కపోతరు?”

చెయ్యి అక్కడే ఆగింది. చాందీ నోరు తెరిచే ఉంది. సాయమ్మ ఆ ముక్కను వెనక్కి తెచ్చి, కోసిన చోటనే తిరిగి పెట్టి, అతుక్కుంటుందన్నట్టు వేలితో అదిమింది.

చాందీకి ఏమనిపించిందో. “సరే తీ, చాయ్ పెడ్త. తాగినంక తిందం” అని లోపలికి వెళ్లింది.

నేను సౌందర్యను ఏ తరగతని అడిగాను.

“అయిదు అయిపోయింది సారూ. ఆరుకు హాస్టల్ బడిల సీటొచ్చింది.”

“మంచిది గదా. ఎప్పుడు చేరుతున్నవ్?”

“చేరను. అమ్మ వద్దన్నది. హాస్టల్ల ఏం పెడ్తరో ఏమో అంటది.”

నేను తల తిప్పేసరికి సాయమ్మ మంచం మీద లేదు. సంచి భుజానికేసుకుని రోడ్డు వైపు నడుస్తోంది. పరుగు కాదు, ఎప్పటి నడకే. లోపలినుంచి చాందీ గొంతు వినిపించింది. “ఆయమ్మా, చక్కెర ఎంతెయ్యాలె?”

మహదేవపూర్ వైపు నుంచి బస్సొచ్చింది. సాయమ్మ చెయ్యెత్తింది. నేను లేచి నాలుగడుగులు వేశాను, పిలవలేకపోయాను. చాందీ కంచంలో మూడు గ్లాసులు పెట్టుకుని బయటికొచ్చి, “ఆయమ్మా! చాయ్!” అని గట్టిగా అరిచింది. వినపడే దూరమే. సాయమ్మ కమ్మీ పట్టుకుని మెట్టెక్కింది, లోపలికి వెళ్లింది. మా వైపు చూడలేదు. కండక్టర్ విజిల్ వేశాడు, బస్సు భూపాలపల్లి వైపు కదిలింది.